పాదరసం ఎక్కడికి పోయింది

నవంబరు 5, బుధవారం

పూజ్యులైన మావయ్యగారికి మీ కోడలి నమస్కారాలు.

ఇక్కడ అందరమూ క్షేమమని రాయడం మర్యాద కాబట్టి ముందుగా అది రాసేశానని అనుకోండి. నిజానికి మీ అబ్బాయికి జలుబు పట్టుకుని ఇల్లంతా తుమ్ములే. మందు వేసుకోమంటే వినరు. ఆ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. మీ ఒంట్లో ఎలా ఉంది? చేతుల వణుకు ఏమైనా తగ్గిందా? వదిన మిమ్మల్ని కంటికి రెప్పలా చూసుకుంటోందని తెలుసు, మీరే ఆవిణ్ణి కాల్చుకు తింటున్నారనీ తెలుసు. కాఫీ కప్పు మీ చేతిలోంచి జారిపడితే దానికి కూడా ఆవిడ మీదే కేకలేశారట! కన్నకూతురు కాబట్టి పడుతోంది. నేనైతే ఆ కప్పు ముక్కలన్నీ మీ చేతే ఏరించేదాన్ని. ఫోను చేస్తే మధ్యలో ఠపీమని పెట్టేస్తున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే కనీసం సంతకం దాకా చదువుతారు.

విషయానికి వస్తాను. ఈ నెల ఇరవై నాలుగు నుంచి మన హైస్కూల్లో సైన్సు వారం. తొమ్మిదో తరగతికి ఆ వారం పాఠాలన్నీ నన్నే ప్లాను చేసి ఇమ్మని హెడ్మాస్టరుగారు పురమాయించారు. శుక్రవారం తల్లిదండ్రులు కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంటారు. ఆ రోజు ఏ పాఠం చెప్పాలో నన్నొక్క మాట అడక్కుండా ఆయనే అందరికీ చాటేశారు. పాదరసం పాఠమట. ఎంతైనా మీ శిష్యుడు కదా. మీరు రిటైరై మూడేళ్లయింది, ఆ మూడేళ్లుగా బడిలో సందడే లేదని ఒకటే బాధ ఆయనకు.

మీ పాఠం గురించి వినని ఇల్లు ఈ ఊళ్లో లేదు. పిల్లలందరి అరచేతుల్లో తలో బొట్టు పోయడం, అది జారిపోకుండా పట్టుకోమని పందెం పెట్టడం, ఇనుప బోల్టును పాదరసం మీద తేలించడం, రాగి నాణేన్ని రుద్ది వెండిలా మెరిపించడం. బాగా జవాబు చెప్పిన పిల్లాడికి ఒక బొట్టు పెన్ను క్యాపులో పోసి ఇంటికి ఇచ్చేవారట కదా. మీ అబ్బాయి అలా గెలుచుకున్న బొట్టును ఆ రాత్రే మంచం కింద పారబోసుకుని వెక్కి వెక్కి ఏడ్చారట. నిన్న తుమ్ముల మధ్య చెప్పారు. పిల్లలు మీకు పాదరసం మాస్టారని పేరు పెట్టింది ఆ పాఠం వల్లేనని నేను, కాదు మీ నడక వల్లేనని ఆయన, కాసేపు వాదించుకున్నాం. ఒక మెట్టు వదిలి ఒక మెట్టు ఎక్కేవారట మీరు.

నా ప్లాను ఇదీ. ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని చదవండి. సోమవారం సాంద్రత, అంటే ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్నది. మంగళవారం గాలి పీడనం, దానికి మీ పాత బారోమీటరు గొట్టం దుమ్ము దులిపి పెట్టాను. బుధవారం బాష్పీభవనం. పాఠ్యపుస్తకంలో తడిబట్ట ఆరడం తప్ప ఏమీ లేదు, ఇంకా ఏదైనా మంచి ప్రయోగం దొరికితే బాగుండును. గురువారం లోహాలు. శుక్రవారం మీ పాఠం, నా గొంతుతో.

అన్నీ ల్యాబులోనే. ఈ ఏడు చలి ముందే మొదలైంది కదా, గాలి కొడుతోందని ల్యాబు కిటికీలకు మేకులు కొట్టించేశారు. హెడ్మాస్టరుగారు కొత్త హీటరు కూడా కొనిచ్చారు. గదిలో అడుగుపెడితే చాలు, దుప్పట్లో దూరినట్టు ఉంటుంది. లెక్కల టీచరు, డ్రిల్లు మాస్టరు అందరూ టీ తాగడానికి అక్కడికే చేరుతున్నారు. అటెండరమ్మ అయితే మధ్యాహ్నం ఆ చెక్క నేల మీదే ఓ కునుకు తీస్తోంది. పాపం ఈ మధ్య ఆవిడకు ఓపికే ఉండడం లేదు.

ఒక్క సందేహం. నిన్న బీరువా తెరిచి పాదరసం సీసా తీశాను. చిన్న సీసా అయినా రెండు చేతులతో ఎత్తాలని మీరెప్పుడూ చెప్పేవారు కదా, అలాగే రెండు చేతులూ వేసి ఎత్తితే ఖాళీ సీసాలా పైకి లేచివచ్చి నా ముక్కుకు తగిలింది. అడుగున రెండు చెంచాల పాదరసం ఉంది, అంతే. ఒకప్పుడు మెడ దాకా ఉండేదట. మిగతాది ఇంకో సీసాలో పోసి ఎక్కడైనా దాచారా? క్లాసు నిండా పిల్లలు, ఈ రెండు చెంచాలు ఏ మూలకు? కాస్త గుర్తు చేసుకుని రాయించండి.

వదినను అడిగానని చెప్పండి. అప్పుడప్పుడూ ఆవిడను మెచ్చుకోండి కూడా, సొమ్మేం పోదు.

ఇట్లు,
మీ జవాబు కోసం వాకిట్లోకి తొంగిచూస్తూ ఉండే,
మీ కోడలు


నవంబరు 12, బుధవారం

మావయ్యగారికి గౌరవంతో, కాస్త గాభరాతో నమస్కరిస్తున్నాను.

మీ జవాబు అందింది. అక్షరాలు వదినవి, సంతకం మీది. ఆ సంతకం గీతలన్నీ వంకర్లు పోయాయి. ముత్యాల్లా రాసే చేతికి ఎంత కష్టం వచ్చిపడింది.

అన్నేళ్లు వాడాక ఖర్చయిపోక ఏమవుతుంది, కొత్త సీసా తెప్పించుకో అని రాయించారు. చదవగానే సరేననుకున్నాను. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఒక సంగతి తట్టింది. సుద్దముక్క ఖర్చవుతుంది, స్పిరిటు ఖర్చవుతుంది, అగ్గిపుల్లలు ఖర్చవుతాయి. పాదరసం ఎలా ఖర్చవుతుంది మావయ్యగారూ? అది కాలిపోదు, అరిగిపోదు. పిల్లల చేతుల్లో పోసి మళ్లీ సీసాలోకి తీసుకునేవారు కదా. పెన్ను క్యాపుల్లో ఇంటికి వెళ్లింది ఏడాదికి రెండు మూడు బొట్లు. మరి మిగతాదంతా ఎక్కడికి పోయింది?

సోమవారం క్లాసులో మా పిచ్చుక ఉంది చూశారూ, మొదటి బెంచీలో కూర్చుని ఊపిరాడనివ్వకుండా ప్రశ్నలడిగే పిల్ల, తడిబట్ట గురించి చెబుతుంటే చెయ్యెత్తింది. టీచర్, నీళ్లు మరక్కుండానే ఆరిపోతాయి కదా, పాదరసం కూడా అలాగే ఆరిపోతుందా అని అడిగింది. సైన్సు వారం పాఠం దాకా ఆగవే తల్లీ అని నవ్వేసి కూర్చోబెట్టాను. నా నవ్వు నాకే నచ్చలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు అవును అని. ద్రవం ఏదైనా ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. గది వెచ్చగా ఉంటే ఇంకా ఎక్కువ. రంగుండదు, వాసనుండదు.

ఆ సాయంత్రం ల్యాబులో క్లాసయ్యాక డస్టరు బల్ల కిందికి దొర్లితే వంగి చెయ్యి పెట్టాను. వేళ్లు నేల పలకల సందులోకి వెళ్లాయి. చెయ్యి తీసి చూసుకుంటే, పెళ్లికి మీరు పెట్టిన ఉంగరం ఒక పక్క తెల్లగా మారిపోయి ఉంది. బంగారం మీద వెండి పూత వేసినట్టు. తుడిస్తే పోలేదు. బంగారాన్ని అలా పట్టుకునేది ఏమిటో మీకు నేను చెప్పాలా? మీ పుస్తకంలోనే చదువుకున్నాను.

తలుపు వేసి, తెరలు దించి, టార్చిలైటును నేలకు ఆనించి వెలిగించాను. మావయ్యగారూ, పలకల సందులన్నీ మెరుస్తున్నాయి. ఆవగింజంత, ఇసుక రవ్వంత, ఇంకా చిన్నవి. బల్లల కింద, బీరువా కాళ్ల దగ్గర, హీటరు పెట్టిన మూల అయితే వరుసగా. పిల్లల చేతుల్లోంచి ఏడాదికి కొంచెం జారింది, నేల మింగేసింది. సీసాలో లేనిదంతా అక్కడే ఉంది. మీరు వెళ్లాక కూడా గదిలోనే కూర్చుని ఉంది.

దాన్ని అటెండరమ్మ రోజూ చీపురుతో ఊడుస్తోంది. ఊడ్చినకొద్దీ ఒక్కో బొట్టూ పదిగా చెదిరిపోతుంది. ఆవిడ గొంతు మీకు తెలుసు కదా, గేటు దగ్గర అరిస్తే వెనక వీధికి వినపడేది. ఇప్పుడు ఎవరైనా వస్తే తలుపు చాటుకు వెళ్లిపోతోంది. పలకరిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. చిగుళ్లలోంచి నెత్తురు కారుతోందట, నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఉంటోందట. పెద్దతనం అని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

అందుకే అడుగుతున్నాను, కోప్పడకండి. మీకు కూడా నోట్లో అలా ఉంటోందా? చిగుళ్లు ఎలా ఉన్నాయి? నరాల బలహీనత అని ఆ డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగుతున్నారు, బాగానే ఉంది. కానీ మీరు ఇన్నేళ్లు పాదరసంతో పాఠం చెప్పారన్న సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పారా?

ఇరవై నాలుగో తారీఖున పిల్లలు ఆ గదిలోకి వచ్చి కూర్చుంటారు. కిటికీలకు మేకులు, మూల హీటరు, వారమంతా అక్కడే. ఆ లోపల నేను ఏదో ఒకటి చేయాలి. ఏం చేయాలో మీరే చెప్పండి.

భయంతోనూ భక్తితోనూ,
మీ కోడలు


నవంబరు 17, సోమవారం

మావయ్యగారికి,

నమస్కారం ఎప్పటిలాగే పూర్తిగా పెడుతున్నాను. మీరు మాత్రం నాకు ఈసారి ఆశీస్సులు రాయించలేదు.

మీ ఉత్తరం చదివాను. జీవితమంతా చేతుల్లో ఆడించిన వస్తువు నన్నేం చేసిందని అడిగారు. నిన్న మొన్న బడికొచ్చినదానివి నాకు పాఠం చెబుతావా అన్నారు. నా పేరు మీద బురద చల్లడానికేనా నిన్ను కోడలిగా తెచ్చుకున్నది అని కూడా అన్నారు. ఆ ఆఖరి మాట రాయడానికి వదిన ఎంత నలిగిపోయిందో, అక్కడ సిరా కాస్త అలుక్కుపోయి ఉంది.

నాకూ కోపం వచ్చింది. దాచుకోను. ఆ ఉత్తరం మడిచి డ్రాయర్లో పడేసి, అన్నం తినకుండా పడుకున్నాను. పొద్దున్నే లేచి మళ్లీ తీసి చదివితే కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మీరు ఇలా మాట్లాడే మనిషి కాదు. నా ఉద్యోగం ఇంటర్వ్యూకు నేను పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని, అయ్యాక లేచి వచ్చి, ఇలాంటి అమ్మాయి మా ఇంట్లో ఉంటే రోజూ వాదించుకోవచ్చని నవ్విన మనిషి మీరు. నేను తప్పు చెబితే ఎక్కడ తప్పో చూపించేవారు తప్ప, నువ్వెవరు అని ఎన్నడూ అడగలేదు. ఈ కోపం మీది కాదు మావయ్యగారూ. ఊరకే కోపం రావడం, నిద్ర పట్టకపోవడం, మనుషులంటే సిగ్గు పడటం, చేతులు వణకడం, అన్నీ పాదరసం విషానికి గుర్తులని వరసపెట్టి పుస్తకంలో ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా మీరు గదిలోంచి బయటకు రావడం లేదని వదిన ఫోన్లో చెప్పింది. పదిమంది లేకపోతే అన్నం సహించేది కాదు మీకు!

శుక్రవారం కింది అంతస్తులో తొమ్మిదో తరగతికి బాష్పీభవనం ప్రయోగం ఒకటి చేసి చూశాను. ఒక మూల సెంటు సీసా మూత తీసి పెట్టి, వాసన తగిలినవాళ్లు చెయ్యెత్తమన్నాను. మొదటి బెంచీ ఎత్తింది, రెండోది ఎత్తింది, అలా అలా ఆఖరి బెంచీ దాకా చేతులు లేచాయి. పిల్లలకు భలే సరదాగా ఉంది. ఆ లేచిన చేతులన్నీ చూస్తూ నిలబడ్డాను, వాసన లేనిదైతే ఏ ఒక్కరూ చెయ్యెత్తరు కదా అనిపించి సీసాకు మూత పెట్టడమే మరిచిపోయాను. పిచ్చుక లేచి, టీచర్ మీకు జ్వరమా అని అడిగింది.

ఇక హెడ్మాస్టరుగారి సంగతి. ఉంగరం చూపించాను, టార్చి వేసి నేల చూపించాను. ఆయన నవ్వారు. తన చిన్నప్పుడు అదే గదిలో అదే పాదరసంతో నాణెం రుద్దుకుని జేబులో వేసుకుని తిరిగానని, తనకేమైందని అడిగారు. కొత్త టీచర్లకు పుస్తకాలు చదివి బెంగ పట్టుకుంటుందని బుజ్జగించారు. పోనీ హీటరైనా ఆపి, కిటికీలైనా తీయించండి అన్నాను. తల్లిదండ్రులు వచ్చే వారంలో పిల్లల్ని చలికి వణికిస్తామా అన్నారు. నా తరగతిని వరండాలో కూర్చోబెడతానన్నాను. నువ్వు మానితే నీ పీరియడులో పదో తరగతిని పంపుతాను, గది ఖాళీగా ఎందుకుండాలి అన్నారు. ఇక నాకు ఒళ్లు మండి, అంత ధైర్యముంటే మీ అమ్మాయిని తీసుకొచ్చి వారమంతా అక్కడ పడుకోబెట్టండి అనేశాను. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. ఆయన మాత్రం చల్లబడి, ఆ గది మాస్టారి గుడి లాంటిది, మాస్టారి మాట తీసుకురా, ఆయన వద్దంటే ఆ క్షణమే తాళం వేస్తానన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. మీ పేరెత్తగానే ఆయన చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

పై ఆఫీసుకు కూడా రాశాను. జనవరిలో ఎవరినైనా పంపుతామని చెప్పారు. మీ అబ్బాయిని అడిగితే, నాన్న పేరు బజారుకెక్కుతుంది, కాస్త ఆగు అన్నారు. ఎన్నాళ్లు ఆగాలో మాత్రం చెప్పలేదు.

అందుకని మీ దగ్గరకే వచ్చాను. ఒక్క వాక్యం చాలు మావయ్యగారూ. ఆ గదికి తాళం వేయమని మీ చేత్తో ఒక్క వాక్యం. మీరు తప్పు చేశారని రాయమనడం లేదు. అప్పట్లో అందరూ అలాగే చెప్పేవారు, అందరి బళ్లలోనూ అదే ఆట. తెలియక చేసిన దానికి మిమ్మల్ని పల్లెత్తు మాట అననివ్వను. కానీ ఇప్పుడు తెలిసింది కదా. పిల్లల పక్కన నిలబడతారో, సీసా పక్కన నిలబడతారో మీరే తేల్చుకోవాలి. మీరు ఎటు నిలబడే మనిషో నాకు తెలుసు. అందుకే ఇంత చొరవగా రాస్తున్నాను.

ప్లాను మాత్రం రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను, ల్యాబు ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. వారం ఎలా గడుస్తుందో మీ వాక్యం మీద ఆధారపడి ఉంది. గురువారం లోపు అందేలా చూడండి.

మీరు తిట్టినా మీ కోడలినే,
ఆశగా


నవంబరు 22, శనివారం

పూజ్యులైన మావయ్యగారికి, వదినకు కూడా, మనసారా నమస్కారాలు.

ఇది మీకు కోపం తెప్పించే ఉత్తరం. అయినా సంతకం దాకా చదవండి, సంతకం కింద కూడా చదవండి.

ల్యాబుకు తాళం పడింది. నిన్న మధ్యాహ్నం హెడ్మాస్టరుగారే స్వయంగా వేశారు. మీ పేరున వచ్చిన ఉత్తరం ఆయన చేతికిచ్చాను. మూడే వాక్యాలు. ఆ గది నేలలో నా పాదరసం ఉంది. పిల్లల్ని అందులో కూర్చోబెట్టకు. నా మీద గౌరవం ఉంటే తాళం వెయ్యి. నిలబడి చదివారు, తర్వాత కూర్చుని చదివారు. ఇది మాస్టారి అక్షరమే, పాపం చెయ్యి ఎంత వణికిపోయిందో అని కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. అంతటి పెద్దమనిషి నా ఎదుట ఏడుస్తారని నేననుకోలేదు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేయలేదు. హీటరు తీగ లాగేశారు, అందరినీ బయటకు పంపారు, తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నారు. సాయంత్రంలోగా పై ఆఫీసుకు ఆయనే ఫోను చేశారు. నాకు జనవరి అన్నవాళ్లు ఆయనకు గురువారం అన్నారు. పాదరసాన్ని కట్టిపడేసే గంధకం పొడి, ముసుగులు తెచ్చుకుని వస్తారట, పలకలు ఊడదీసి నేలంతా పరీక్షిస్తారట.

అటెండరమ్మను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మకు సంగతంతా చెబితే నెత్తురు, మూత్రం తీసుకుంది. ఎన్నేళ్లుగా ఆ గదిలో ఊడుస్తోందని అడిగింది. అటెండరమ్మ లెక్క చెప్పలేక నా వైపు చూసింది, తన పేరు కూడా ఒక పట్టాన తట్టలేదు. బయటకొచ్చాక నా చెయ్యి పట్టుకుని, అమ్మా నన్ను పనిలోంచి తీసేస్తారా అని అడిగింది. తీసేయనివ్వనని మాటిచ్చాను. ఎలా నిలబెట్టుకోవాలో ఇంకా తెలియదు.

సోమవారం నుంచి పాఠాలన్నీ ఆరుబయటే. సాంద్రతకు నూనె, నీళ్లు, తేనె, ఉప్పునీళ్లలో కోడిగుడ్డు చాలు. మంగళవారం పీడనానికి పాదరసం బదులు నీళ్లు. దానికి గజం గొట్టం సరిపోదు, మేడంత పొడవు పైపు కావాలి. మూడో అంతస్తు కిటికీలోంచి వేలాడదీస్తాం. పిల్లలు ఇప్పటినుంచే ఎవరు పైన నిలబడాలో కొట్టుకుంటున్నారు. బుధవారం సెంటు సీసా. గురువారం వాళ్లు ముసుగులేసుకుని గదిలోకి వెళ్లడం మైదానంలోంచి చూస్తాం, ఎందుకు వెళుతున్నారో చెబుతాను. పిచ్చుక ప్రశ్నకు ఆ రోజు జవాబిస్తాను, ఆలస్యమైనందుకు క్షమించమని కూడా అడుగుతాను.

శుక్రవారం తల్లిదండ్రులకు పాఠం. పెన్ను క్యాపుల్లో, మాత్రల సీసాల్లో ఎవరి ఇంట్లో పాదరసం దాచి ఉన్నా చీపురు ముట్టుకోకుండా ఏం చేయాలో చెప్పాలి. ఈ ఊళ్లో సగం మంది మీ దగ్గర చదువుకున్నవాళ్లే. ఎన్ని మంచాల కింద ఎన్ని బొట్లు దొర్లాయో లెక్కేమైనా ఉందా? మన ఇంటి మంచం కింద కూడా నిన్న టార్చి వేసి చూశాను. మీ అబ్బాయి పక్కనే నిలబడ్డారు. తెల్లారి పరుపు తీసుకెళ్లి ముందు గదిలో వేశారు.

మీరు ఆ డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లాలి. నరాలు అని చెప్పనివ్వకండి, పాదరసం అని మీరే చెప్పండి. వదినా, మీరు దగ్గరుండి చెప్పించండి. ఇన్నేళ్లుగా లోపలికి వెళ్లినదాన్ని పూర్తిగా బయటకు తీయలేకపోవచ్చు, కానీ ఎంతో కొంత తగ్గించే మందులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. నాకు నా మావయ్యగారు తిరిగి కావాలి. వాదించుకోవడానికి మనిషి లేక ఇల్లు బోసిపోయింది.

మీ పేరుకు ఏ మచ్చా రాలేదు. ఊళ్లో అందరూ మాస్టారు పిల్లల కోసం తన గదికి తానే తాళం వేయించుకున్నారని చెప్పుకుంటున్నారు. అలాగే చెప్పుకోనివ్వండి.

ఎప్పటికీ మీ ఇంటి మనిషి,
మీ కోడలు

తా.క. మీరు ఏ ఉత్తరమూ రాయలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. గురువారం టపా వచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. మీ జవాబు లేదు. ఆ మూడు వాక్యాలూ నేనే రాశాను, సంతకం కూడా నేనే పెట్టాను. మీ పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని మీ అక్షరాల వంపులు దిద్దుకున్నాను. వంపులు వచ్చేశాయి. ఆ వణుకు ఎలా తెచ్చిపెట్టుకోవాలా అన్నదొక్కటే భయం. హెడ్మాస్టరుగారు దాన్నే చూస్తారని తెలుసు. సరే, ముందు మామూలుగా రాసి చూద్దాం అని పెన్ను పట్టుకున్నాను. వణుకు దానంతటదే వచ్చింది. మూడేళ్లుగా ఆ గదిలోనే కదా నేనూ ఉన్నది. మంగళవారం నాకు కూడా నెత్తురు తీస్తారు, మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరంలో అక్షరాలు చూసి మీరు ఈపాటికే కనిపెట్టి ఉంటారు.